నాలుగు అడుగుల దూరం

కిష్టారెడ్డిపేట,
17 ఆగస్టు 2025

అక్కా,

ఎట్లున్నావని నిన్ను అడగను. అడిగితే ఒక్కటే జవాబు, "నాకేమైంది, బండలెక్క ఉన్న" అంటావు. అందుకని నా సంగతే రాస్తున్నాను.

జూలై ఇరవై ఎనిమిదిన నా కుడి తుంటి మార్చారు. ఎముకకు రక్తం అందక కీలు అరిగిపోయిందట. పాతది తీసేసి కొత్తది బిగించారు. నేను ఇరవై రెండేళ్లుగా వ్యాన్‌కు ఎన్ని సామాన్లు మార్పించానో, ఇప్పుడు నాకూ ఒకటి మార్చారు. నొప్పి తగ్గింది. కానీ రూల్స్ చూడు: పీట మీద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు, పడుకుంటే రెండు కాళ్ల మధ్య మెత్త ఉండాలి. కింద పడ్డ చెంచా తీసుకోవడానికి కూడా బిడ్డ నిషితను పిలవాలి. అది ఇంటర్ పాసయి డిగ్రీలో చేరింది కదా, నాకు చెంచాలు ఏరడానికే చేరినట్టుంది.

వ్యాన్‌ను చిన్నరాములు అనే అతను నడుపుతున్నాడు. పొద్దున ఆరింటికి పదకొండు మంది ఆడవాళ్లను ఎక్కించుకొని సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీల పార్కుకు తీసుకుపోతాడు. వాళ్లలో నీ మరదలు సునంద కూడా ఉంది. నా కోసం పదిహేను రోజులు సెలవు పెట్టి మళ్లీ పనికి పోతున్నది. సిరంజీలు ప్యాక్ చేసే దగ్గర ఎనిమిది గంటలు నిలబడే పని. నేను కిటికీ దగ్గర కూర్చొని వాళ్లు పోయేది చూస్తాను. చిన్నరాములు గేరు వేసినప్పుడల్లా నా పళ్లు జివ్వుమంటాయి.

చెవి మిషన్ పెట్టుకొని ఫోన్ మాట్లాడు అని మీ నవీన్‌కుమార్‌తో చెప్పించకు. పోయినసారి అరగంట అరిచాను, నువ్వు "సరే, పెసరపప్పు పంపిస్త" అన్నావు. నేను అడిగింది పప్పు కాదు. ఉత్తరమే మంచిది.

నీ తమ్ముడు,
బాలరాజ్

*

జోగిపేట,
25 ఆగస్టు 2025

ఒరేయ్ బాలరాజూ,

పప్పు అడగలేదా? అయినా పంపాను కదా, తిన్నారు కదా, ఇంకేంది?

స్పిన్నింగ్ మిల్లులో పద్దెనిమిదేళ్లు పని చేసినదాన్ని. ఆ మిషన్ల మోతకు చెవులు అక్కడే పెట్టి వచ్చాను. చెవి మిషన్ పెట్టుకుంటే ఫోన్ ఈలలు వేస్తుంది. మొబైల్ దుకాణం పెట్టుకున్న కొడుకు ఇంట్లో ఉండగా ఈ ఊర్లో ఉత్తరాలు రాసే మనిషిని నేనొక్కదాన్నే. పోస్టాఫీసులో నన్ను చూస్తే లేచి నిలబడుతున్నారు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. కిటికీ దగ్గర కూర్చొని నీ బండి వేరేవాళ్లు తీసుకపోతుంటే చూస్తున్నావని రాశావు. అది చదివాక అన్నం ముద్ద దిగలేదు. నాయినకు ట్రాక్టర్ ఎంతో నీకు వ్యాన్ అంత అని నాకు తెలియదా? మనసు చిన్నబుచ్చుకోకు. బండి ఎక్కడికీ పోదు. నువ్వే మళ్లీ ఎక్కుతావు.

సునందకు చెప్పు, నీకు పాలల్లో పసుపు వేసి ఇమ్మని. వద్దంటే నా పేరు చెప్పు.

నీ అక్క,
ప్రేమలత

*

కిష్టారెడ్డిపేట,
9 సెప్టెంబర్ 2025

అక్కా,

నిన్న డాక్టర్ దగ్గరికి పోయి వచ్చాను. ఎక్స్‌రే చూసి "పర్ఫెక్ట్" అన్నాడు. కుట్లు మానాయి. చేతికర్ర కూడా ఇక రోడ్డు మీదే, ఇంట్లో అక్కర్లేదు అన్నాడు. నేను మళ్లీ మనిషినయ్యాను అనుకో.

ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి పేరు రమ్యశ్రీ. వాళ్లది కోస్తా, తాత కాలంలో ఇక్కడ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారట. అంకుల్ అంకుల్ అంటూనే ప్రాణం తీస్తుంది. నాకొక ఆట నేర్పింది. కుర్చీలో కూర్చుంటాను, ముందు రెండు చెప్పులు పెడతారు. కుడి చెప్పు ఎక్స్‌లేటర్, ఎడమ చెప్పు బ్రేకు. సునంద చప్పట్లు కొడితే కాలు ఆ చెప్పు మీదనుంచి ఈ చెప్పు మీదకు టక్కున పడాలి. మొదటి వారం కాలు పిండిబస్తాలాగా లేచేది. ఇప్పుడు చప్పట్లు పూర్తికాకముందే పడుతుంది. సునంద నవ్వుతుంది, "బ్రేకుకు గింత తొందరేంది, నేనింకా కొట్టనేలే" అని.

చిన్నరాములు మంచివాడే. కానీ క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతాడు. చెబితే "అట్లనే అన్నా" అంటాడు, మళ్లీ అదే పని.

నేను కిటికీ దగ్గర ఏడుస్తూ కూర్చోలేదు. అది గాలి కోసం. నీకు రాసేటప్పుడు ఇక జాగ్రత్తగా రాయాలి.

బాలరాజ్

*

జోగిపేట,
16 సెప్టెంబర్ 2025

మా తమ్ముడికి,

"పర్ఫెక్ట్" అన్నాడా! ఆ ముక్క చదివి నవీన్ దుకాణం దాకా నడుచుకుంటూ పోయి అందరికీ చూపించాను. నవీన్ సిగ్గుపడ్డాడు, పడనీ. ఇక మా తమ్ముడు బండి ఎక్కుతాడు అని చెప్పాను.

ఒక్క మాట. దసరా వస్తున్నది. వ్యాన్ పూజ ఆ చిన్నరాములు చేత చేయించకు. నాయిన సంగతి నీకు గుర్తుండదు, నువ్వు చిన్నోడివి. ఒక ఏడు నూట మూడు జ్వరంతో పడుకున్నాడు. ట్రాక్టర్ దొరది. ఆయన వేరే డ్రైవర్‌ను పిలుస్తానంటే దుప్పటి కప్పుకొని పోయి ట్రాక్టర్ ఎక్కాడు. నిమ్మకాయలు తానే తొక్కించాడు. ముందర అమ్మ హారతి పళ్లెం పట్టుకొని నిలబడింది, ట్రాక్టర్ సరిగ్గా ఆమె కాలివేళ్ల ముందర జానెడు దూరంలో ఆగింది. బండి ఎవరికి అన్నం పెడుతుందో వాళ్లే నిమ్మకాయలు తొక్కించాలి, ఆ ఇంటి ఆడది ముందు నిలబడాలి, అది మన ఇంటి పద్ధతి. నువ్వు కూడా ఇన్నేళ్లూ ఒక్కసారి తప్పలేదు. పరాయి చేత్తో తొక్కిస్తే ఆ ఏడంతా బండి పరాయిదే అవుతుందని నాయిన అనేవాడు.

దూరం నడపమని నేను అంటున్నానా? నాలుగు అడుగులు. నాలుగంటే నాలుగే. ఎక్కి, తొక్కించి, దిగు. నీ మనసు కుదుటపడుతుంది.

ప్రేమలత

*

కిష్టారెడ్డిపేట,
22 సెప్టెంబర్ 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా రోజులకు నిండుగా నవ్వాను. నాయిన దుప్పటి సంగతి నాకు కొంచెం గుర్తుంది, దుప్పటి ఎర్రది.

పూజ చిన్నరాములు చేస్తాడని సునంద ముందే మాట్లాడి పెట్టింది. నేను నీ ఉత్తరం తీసి చదివి వినిపించాను. "అక్క రాసిందని గింత ఎగురుతున్నవా? జెర సోంచాయించు" అన్నది. నాలుగడుగులకు ఆలోచించేది ఏముంది? నేను రోజూ చెప్పుల మీద నలభైసార్లు బ్రేకు వేస్తున్నాను. కాలు తప్పడం లేదు. చివరికి "మీ అక్కతమ్ముళ్లకు నేను సెప్పేదాన్నా" అని వంటింట్లోకి పోయింది. అంటే ఒప్పుకున్నట్టే.

నిషిత బతుకమ్మకు రెండు రోజులు మీ ఇంటికి వస్తానంటున్నది. దాని చేతికి తంగేడు పూలు ఇచ్చి పంపకు, పోయిన ఏడు బస్సులో ఎవరో ఆడమనిషి తల నిండా రాలాయట.

బాలరాజ్

*

జోగిపేట,
27 సెప్టెంబర్ 2025

తమ్ముడూ,

ఈ ఉత్తరం చదివి కోపం తెచ్చుకోకు. నిషిత మీద అస్సలు తెచ్చుకోకు.

పిల్ల ఈ రోజు పొద్దున బస్సు ఎక్కేముందు నా చెవిలో అరిచి చెప్పింది. డాక్టర్ అంతా బాగుందన్నది ఎముక సంగతి, కుట్ల సంగతి. బండి నడపడం అక్టోబర్ ఇరవై ఏడున మళ్లీ చూసి చెబుతానన్నాడట. అప్పటిదాకా స్టీరింగ్ ముట్టొద్దన్నాడట. నువ్వు నాకు ఆ సగం రాయలేదు. నేను నీకు రాసిన ఉత్తరం పట్టుకొని ఇంట్లో అందరి నోరు మూయిస్తున్నావట.

నాకు తెలియక రాశాను బాలరాజూ. ఆ ఉత్తరం చింపి పారెయ్యి. ఈసారి చిన్నరాములే తొక్కించనీ. బండి పరాయిది అవుతుందన్న మాట నాయినది, నాయినకు తుంటి మార్చలేదు.

స్టీరింగ్ ముందు కూర్చోకు. నా మాట విను.

అక్క

*

కిష్టారెడ్డిపేట,
1 అక్టోబర్ 2025

అక్కా,

రేపే పండుగ. నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు, పండుగ పనుల్లో ఉంటావు. నిషిత నీ దగ్గరనుంచి వచ్చినప్పటి నుంచి ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఏమయిందని అడిగితే "అత్తమ్మ రాస్తది" అన్నది. ఏం రాస్తావో ఏమో, మళ్లీ దాని పెళ్లి సంబంధం తెచ్చావా?

చిన్నరాములు వ్యాన్ కడిగి మెరిపించాడు. బంతిపూల దండలు నేనే గుచ్చాను, ఎత్తు కుర్చీలో కూర్చొని, రూల్ ప్రకారమే. సునంద నాలుగు పెద్ద నిమ్మకాయలు ఏరి తెచ్చింది. మాటలు తక్కువగా ఉన్నాయి కానీ కాయలు మాత్రం మంచివి తెచ్చింది.

నువ్వు చెప్పినట్టే చేస్తాను. రేపు సాయంత్రం జమ్మి ఆకు పెట్టేటప్పుడు నిన్ను తలుచుకుంటాను.

బాలరాజ్

*

కిష్టారెడ్డిపేట,
12 అక్టోబర్ 2025

ప్రేమలతక్కకు,

నవీన్ చెప్పే ఉంటాడు. వాడికి నిషిత ఫోన్ చేసింది. కానీ ఎట్లా జరిగిందో నేనే రాయాలి, వేరేవాళ్లు ఎవరు చెప్పినా నా తప్పు తగ్గించే చెబుతారు.

పండుగ రోజు పొద్దున పదింటికి కొబ్బరికాయ కొట్టాం. రమ్యశ్రీ నేర్పినట్టే ముందు సీటు మీద వెనక్కి కూర్చొని, రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకున్నాను. నొప్పి లేదు. సునంద గేటు స్తంభం దగ్గర హారతి పళ్లెంతో నిలబడింది, ఏటా నిలబడే చోటే. ఏటా నేను జానెడు దూరంలో ఆపుతాను, ఆమె "ఇగ సాలు, మీదికొస్తవా" అంటుంది, అందరూ నవ్వుతారు.

మొదటి గేరు వేశాను. నిమ్మకాయలు నాలుగూ పగిలాయి. ఆ చప్పుడు విన్నాను. ఇక ఆపాలి అనుకున్నాను. అక్కా, ఆ మాట మనసులో అనుకున్నట్టు నాకు బాగా గుర్తుంది. అనుకున్నాను, కాలు రాలేదు. చెప్పుల మీద నేను చేసిందంతా కుర్చీలో. అక్కడ పాదం పక్కకు జరిగితే చాలు. వ్యాన్‌లో తొడ పైకి లేవాలి, అది లేవడానికి ఒక క్షణం పట్టింది. లేచేలోపు పాదం ఎక్స్‌లేటర్‌నే నొక్కింది. సునంద మొదట నవ్వుతూనే ఉంది. నేను ఆటకు దగ్గరికి తెస్తున్నాను అనుకుంది.

చిన్నరాములు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు. అప్పటికే ఆమెను స్తంభానికి అదిమాను. కుడి కాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. లోపల రాడ్ వేశారు. నిన్న ఇంటికి తెచ్చాం.

నీ ఇరవై ఏడో తారీఖు ఉత్తరం నాలుగో తారీఖున వచ్చింది. ఆస్పత్రి వరండాలో కూర్చొని చదివాను. నీకు తెలుసు. అయిదు రోజుల ముందే తెలుసు. తెలిసి పోస్టులో వేశావు. ఇంట్లో ఫోన్లు అమ్మే కొడుకు ఉన్నాడు. ఒక్క మాట చెప్పించలేకపోయావా? నిషితతో చీటీ పంపలేకపోయావా? నాకు ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

బాలరాజ్

*

జోగిపేట,
18 అక్టోబర్ 2025

బాలరాజూ,

చెప్పించగలను. అదే నా బాధ.

నిషిత బస్టాండ్‌లో నన్ను బతిమాలింది. "అత్తమ్మా, నువ్వు చీటీ రాసియ్యి, నేను తీస్కపోయి ఇస్త" అన్నది. నేనే వద్దన్నాను. పిల్ల చాడీలు మోసుకొచ్చిందని నువ్వు దాని మీద పడతావని. "నువ్వు ఇంట్ల ఏం మాట్లాడకు, నీ మాట ఇనడు, నా మాటైతే ఇంటడు, నేను రాస్త" అని దాని నోరు మూయించాను. అందుకే అది నాలుగు రోజులు ఊరికే ఉంది. నా ఉత్తరం వస్తుందని చూసింది. దాన్ని ఏమీ అనకు, అది ఇప్పటికే చాలా ఏడ్చి ఉంటుంది.

మరి నవీన్ చేత ఫోన్ ఎందుకు చేయించలేదంటే, నిజం రాస్తాను. నాకు నామోషీ అనిపించింది. పదిమందికి చూపించి మురిసిన దాన్ని, ఇప్పుడు కొడుకు దగ్గరికి పోయి "నేను తప్పు రాసిన, మామకు చెప్పు" అనాలి. వాడు దుకాణంలో అందరి ముందూ నవ్వుతాడు. నాకు వినబడదని వాడు అనే మాటలు నాకు కనబడతాయి. అదీగాక నీకు అవమానంగా ఉంటుందనుకున్నాను. అక్క కూడా నన్ను కుంటివాణ్ణి చేసింది అనుకుంటావేమోనని. ఉత్తరమైతే ఒక్కడివే చదువుకుంటావు, ఒక్కడివే మనసు మార్చుకుంటావు, ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు అనుకున్నాను. శనివారం రాశాను. ఆదివారం పోస్టు లేదు. సోమవారం పొద్దున నేనే పోయి డబ్బాలో వేశాను. నడుమ సెలవు పడుతుందని తట్టలేదు.

నీ మర్యాద, నా మర్యాద కాపాడాను బాలరాజూ. సునంద కాలు పోయింది.

ఇప్పుడు నువ్వు నన్ను ఏమన్నా పడతాను. ఉత్తరం రాయకపోతే మాత్రం పడలేను. రెండు ముక్కలైనా రాయి.

ప్రేమలత

*

కిష్టారెడ్డిపేట,
2 నవంబర్ 2025

అక్కా,

నీకు అట్లా రాసి ఉండకూడదు. నీ ఉత్తరం ముందే వచ్చి ఉంటే నేను ఆగేవాడినా? పదిసార్లు ఆలోచించాను. ఆగేవాణ్ణేమో. ఆగకపోయేవాణ్ణేమో. డాక్టర్ మాట నాకు ముందునుంచే తెలుసు కదా. తెలిసి నీకు సగమే రాశాను, ఎందుకంటే సగమే మంచి వార్త. నువ్వు ఆ సగాన్ని నమ్మి రాసిన మాటను తీసుకుపోయి సునంద ముందు పెట్టాను. ఇంట్లో ఆమె ఒక్కతే నన్ను ఆపింది. ఆపినదాన్నే తొక్కాను.

ఇరవై ఏడో తారీఖున డాక్టర్ దగ్గరికి పోయాను. జరిగింది చెప్పాను.  ఆయన రమ్యశ్రీని పిలిచి నన్ను కింద చిన్నరాములు తెచ్చిన మా వ్యాన్ దగ్గరికి పంపాడు. ఇంజన్ ఆపి సీటులో కూర్చోబెట్టి, ఆ అమ్మాయి పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. ఇరవైసార్లు. ఇరవైసార్లూ కాలు లేచి బ్రేకు మీద గట్టిగా పడింది. "నొప్పి లేకపోవడం వేరు, కాలు టైముకి రావడం వేరు అంకుల్. ఇప్పుడొస్తోందండి" అన్నది. నడపొచ్చని రాసిచ్చారు. ముందు పక్కన ఒకరిని పెట్టుకొని దగ్గర దూరాలు, సీటు మీద మెత్త వేసుకొని, గంటకోసారి దిగి నడవాలి. కాలు మొద్దుబారినట్టుంటే ఆ రోజు ఎక్కొద్దు.

ఇరవై అయిదు రోజులు అక్కా. పండుగకూ ఆ కాగితానికీ మధ్య అంతే.

కాగితం మడిచి డబ్బాలో పెట్టాను. చిన్నరాములే నడుపుతున్నాడు. నేను వ్యాన్ వైపు పోవడం లేదు.

సునంద పని పోయినట్టే. నిలబడి చేసే పని తప్ప కూర్చొని చేసేది వాళ్ల దగ్గర లేదట. ఆమెతో లైన్‌లో నిలబడే వనజ వచ్చి చెప్పింది, చెబుతూ చెబుతూ ఏడ్చింది. సునంద ఏడవలేదు. "సరే తీ, కాళ్లకు సెలవొచ్చింది" అన్నది.

బాలరాజ్

*

జోగిపేట,
24 నవంబర్ 2025

తమ్ముడికి,

మొన్ననే మీ ఇంట్లో వారం ఉండి వచ్చినదాన్ని, మళ్లీ ఉత్తరం ఏందని అనుకోకు. నీ ముందు కూర్చుంటే నా నోటికి రాలేదు.

సునంద దగ్గర రోజూ కూర్చున్నాను. కాలు పట్టుకొని ఏడుద్దామని వచ్చాను. నన్ను ఏడవనియ్యలేదు. నాకు వినబడదని నిషిత నోటుబుక్కులో సునందే రాసి చూపించింది: "వదినె, ఎవ్వరు కావాలని చెయ్యలే. తిను." ఆ కాగితం చింపి తెచ్చుకున్నాను. తిట్టి ఉంటే నాకు ఇంకాస్త నయంగా ఉండేది.

ఒకటి మాత్రం చూశాను. నువ్వు ఇంట్లో దొంగలాగా తిరుగుతున్నావు. ఆమెకు గ్లాసు అందించి తల దించుకొని బయటికి పోతావు. ఆమె నీతో మాట్లాడాలని చూసేసరికి నువ్వు ఉండవు. వ్యాన్ ముట్టనంటున్నావు సరే, అది ప్రాయశ్చిత్తం అనుకుంటున్నావేమో. దానివల్ల ఆమెకు ఏం ఒరిగింది? ఆమెను ఆస్పత్రికి ఆటోలో కుదుపులు పడుతూ తీసుకుపోతున్నావు. ఇంటి ముందర అంత బండి, చేతిలో డాక్టర్ కాగితం ఉండగా.

ఆగు. నేను మళ్లీ సలహా ఇస్తున్నాను. చెయ్యి నరుక్కోవాలి నేను. ఇదంతా కొట్టేద్దామనుకున్నాను కానీ రాసేశాను. నా మాట విని చెయ్యకు. సునందను అడుగు. ఈసారి ఆమె ఏమంటే అది.

అక్క

*

కిష్టారెడ్డిపేట,
21 డిసెంబర్ 2025

అక్కా,

అడిగాను. అడగడానికి రెండు వారాలు పట్టింది. "ఇన్నొద్దులకు అడిగినవా" అన్నది. "పద్దెనిమిదిన నా చెకప్ ఉంది. ఆటోల నా నడుము ఇరుగుతున్నది. నువ్వే తీస్కపో" అన్నది.

పద్దెనిమిదికి ముందు వారం రోజులు చిన్నరాములును పక్కన కూర్చోబెట్టుకొని సాధన చేశాను. మొదట ఇంజన్ ఆపి. తర్వాత ఆదివారం ఖాళీగా ఉండే ప్లాట్ల వెంచర్ రోడ్ల మీద. గట్టిగా బ్రేకు కొట్టడం, మళ్లీ పోవడం, మళ్లీ కొట్టడం. చిన్నరాములు తల రెండుసార్లు అద్దానికి తగిలింది. "సాలన్నా, నీ కాలు మంచిగున్నది, నా తలకాయే కరాబైతున్నది" అన్నాడు. కాలు నిజంగానే మంచిగా ఉంది అక్కా. పాత కాలుకన్నా మంచిగా ఉంది. ఆపరేషన్‌కు ముందు రెండేళ్లు నేను నొప్పితో నడిపిన కాలు అది. ఇప్పుడు ఏ నొప్పీ లేదు.

పద్దెనిమిదిన పొద్దున సునందను వెనక సీటులో కూర్చోబెట్టాం, కాలు చాపుకోవడానికి అక్కడే వీలు. నిషిత పక్కన కూర్చుంది. నేను మెత్త సరిచేసుకొని, అద్దం సరిచేసుకొని, ఇరవై స్పీడులోనే బయలుదేరాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ నడపలేదు. పటాన్‌చెరు రోడ్డు ఎక్కేదాకా ఒక్క కుదుపు లేదు. మనసులో కొంచెం సంతోషం వేసింది, దాచను. పాత రోజులు మళ్లీ వచ్చినట్టు అనిపించింది.

మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర అద్దంలోకి చూశాను, ఆమెకు కుదుపు తగులుతుందేమోనని. ఆమె ముఖం ముడుచుకుంది. నేను బ్రేకు మీద కాలు వేయకముందే ముడుచుకుంది. ఎందుకో అర్థం కాలేదు. తర్వాత ముందు లారీ ఆగింది. మళ్లీ చూశాను. ఈసారి అద్దం కిందికి వంచి చూశాను. చాపిన కాలు కిందికి దించి, పాదంతో వ్యాన్ అడుగును గట్టిగా నొక్కుతున్నది. రాడ్ వేసిన కాలు. నొక్కి, పళ్లు బిగబట్టి, బండి ఆగాక మెల్లగా వదిలింది.

ఆస్పత్రి దాకా ఎన్నిసార్లు ఆగానో అన్నిసార్లు నొక్కింది. సిగ్నల్ దగ్గర నొక్కింది. గేదెలు అడ్డం వస్తే నొక్కింది. నేను ఎంత ముందుగా, ఎంత మెల్లగా వేసినా, నాకన్నా ముందు ఆమె వేసింది. నిషితకు కనబడలేదు, ఫోన్ చూసుకుంటున్నది. తాను నొక్కుతున్నట్టు సునందకు కూడా తెలియదనుకుంటాను.

దిగేటప్పుడు చెయ్యి పట్టుకొని అడిగాను, "అంత భయమైతే నన్నెందుకు తీస్కరమ్మన్నవు?" అని.

నా ముఖం చూసింది. చాలా రోజులకు సరిగ్గా నా కళ్లల్లోకి చూసింది. "నాకేం భయం లేదు. నువ్వు మంచిగనే నడిపినవ్. గీ కాలే ఇంటలేదు" అన్నది. తర్వాత నన్ను ఓదార్చడానికి నవ్వింది కూడా.

లోపల డాక్టర్ కాలు చూసి, ఇంత వాపు ఎందుకొచ్చింది, దీని మీద బరువు వేశారా అని అడిగాడు. ఆమె లేదన్నది.  తిరుగు ప్రయాణానికి చిన్నరాములుకు ఫోన్ చేసి పిలిపించాను. తాళం అతని చేతికి ఇచ్చి, నేను వెనక ఆమె పక్కన కూర్చొని, ఆ కాలును ఎత్తి నా ఒళ్లో పెట్టుకున్నాను. ఇంటిదాకా అది ఒక్కసారి కూడా కదలలేదు.

బాలరాజ్